మసక రోజుల్లో కెమెరా చెప్పే వెలుగు లెక్క

కోటాకు రైల్లో వెళ్ళేవారి టికెట్ మీద కోటా అని ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే వచ్చే ఈ చిన్న పట్టణపు స్టేషన్ పేరు కరగీ రోడ్. కోచింగ్ సెంటర్లకు పేరుపడిన రాజస్థాన్ కోటా వేరు, ఇది వేరు. ఇక్కడ దాకా పొలాల మధ్య నడిచిన రైలు, బెల్‌గహనా, ఖోంగ్‌సరా దాటాక భన్వర్‌టోంక్ దగ్గర కొండల్లోకి దూరి పేండ్రా రోడ్ వైపు ఎక్కుతుంది. ఇంకో పక్క అచానక్‌మార్ సాల వృక్షాల అడవి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ మార్గం కొత్తది కాదు.

జూలైలో ఇక్కడ ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు సూర్యుడు కనబడడు. ఉతికిన బట్టలు ఆరవు. గోడలకు చెమ్మ ఎక్కుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకే ట్యూబులైటు వేసుకోవాల్సి వస్తుంది. పనేమీ తోచదు, నిద్ర వదలదు, మాట్లాడాలనిపించదు. అలాంటి రోజున ఎవరైనా గొడుగు, ఫోను పట్టుకుని ఫోటోలు తీయడానికి బయలుదేరితే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: వెలుతురే లేదు కదా, ఏం తీస్తావు?

జవాబు ఆ ఫోనులోనే ఉంది. అది చెప్పే సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

ఫోనులో తీసిన ప్రతి ఫోటోతో పాటు కొన్ని అంకెలు కూడా నమోదవుతాయి. గ్యాలరీలో ఫోటో తెరిచి 'వివరాలు' నొక్కితే అవి కనిపిస్తాయి. కటకం ఎంత వెడల్పుగా తెరుచుకుందో చెప్పేది అపెర్చర్. వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో చెప్పేది షట్టర్ సమయం. సెన్సర్ నుంచి వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచిందో చెప్పేది ఐఎస్‌ఓ. ఈ మూడూ తెలిస్తే ఆ చోట వెలుగు ఎంత ఉందో సుమారుగా లెక్క కట్టవచ్చు. అపెర్చర్ సంఖ్యను అదే సంఖ్యతో గుణించాలి. దాన్ని 250తో గుణించి, షట్టర్ సమయంతోనూ ఐఎస్‌ఓతోనూ భాగించాలి. వచ్చేది లక్స్‌లలో వెలుగు. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుగుకు కొలత.

ఒక ఉదాహరణ చూద్దాం. ముసురు రోజున ట్యూబులైటు వెలుగుతున్న గదిలో ఫోటో తీస్తే ఫోను అపెర్చర్ 1.8, షట్టర్ సెకనులో 50వ వంతు, ఐఎస్‌ఓ 800 ఎంచుకుందనుకుందాం. లెక్క కడితే వచ్చేది 50 లక్స్. అదే ఫోనుతో వరండా దాటి మబ్బు కింద నిలబడి పొలాన్ని తీస్తే షట్టర్ సెకనులో 1000వ వంతుకు, ఐఎస్‌ఓ 100కు మారవచ్చు. ఇప్పుడు వచ్చేది 8,100 లక్స్. 'వెలుతురే లేదు' అనుకున్న బయట, 'లైటు వేసి ఉన్న' గదికంటే 160 రెట్లు వెలుగు ఉంది!

ఇది ప్రయోగశాల కొలత కాదు. తీసిన వస్తువు తెల్లగా ఉందా, నల్లగా ఉందా అన్నదాన్ని బట్టి ఫలితం రెండింతలు అటూఇటూ కావచ్చు. కానీ 160 రెట్ల తేడాను ఆ పొరపాటు మింగేయలేదు. దట్టమైన వాన మేఘం కూడా పైనుంచి వచ్చే వెలుగులో పదో వంతు దాకా కిందికి వదులుతుంది. నడినెత్తి ఎండలో దాదాపు లక్ష లక్స్ ఉంటుంది కాబట్టి, ఆ పదో వంతే వేలల్లో తేలుతుంది. ఇళ్ళలో రాత్రిపూట మనం 'బాగా వెలుగుంది' అనుకునే గదుల్లో ఉండేది సాధారణంగా వంద నుంచి మూడు వందల లక్స్ లోపే.

మరి కంటికి ఈ తేడా ఎందుకు తెలియదు? కన్ను వెలుగును కొలవదు, పోల్చి చూస్తుంది. కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతూ లోపలికి వచ్చే వెలుగును 16 రెట్ల మేర సర్దగలదు. మిగతా సర్దుబాటంతా రెటీనాలో, మెదడులో జరుగుతుంది. వెలుగు పది రెట్లు పెరిగినా మనకు 'కొంచెం ఎక్కువ' అనిపిస్తుందంతే. నక్షత్రాల వెలుతురులోనూ, మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ ఒకే కంటితో నడవగలుగుతున్నామంటే ఈ సర్దుబాటు వల్లే. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఎంత చీకట్లో బతుకుతున్నామో మనకే తెలియకపోవడం. ఫోటో కూడా ఆ నిజాన్ని దాచిపెడుతుంది. గదిలో తీసినదాన్నీ, బయట తీసినదాన్నీ ఫోను ఒకే ప్రకాశానికి సర్ది చూపిస్తుంది. వివరాల్లోని అంకెలు మాత్రం అబద్ధమాడవు.

ఆ అంకెలతో శరీరానికి ఏమిటి సంబంధం? ఇక్కడే విషయం ఫోటోగ్రఫీ దాటి ఆరోగ్యంలోకి వెళ్తుంది. కంటిలో చూపుకు పనికొచ్చే కణాలు రెండు రకాలని, అవి రాడ్లు, కోన్‌లు అని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2002లో డేవిడ్ బెర్సన్, సమేర్ హత్తార్ తదితరుల పరిశోధనలతో మూడో రకం సంగతి స్పష్టమైంది. రెటీనాలోని కొన్ని గాంగ్లియాన్ కణాల్లో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ కణాలు నేరుగా వెలుగును పసిగడతాయి. ముఖ్యంగా 480 నానోమీటర్ల దగ్గర ఉండే నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. వాటి ప్రధానమైన పని బొమ్మ చూపించడం కాదు. బయట పగలా రాత్రా, పగలైతే ఎంత పగలు అన్న కబురును మెదడులోని జీవగడియారానికి చేరవేయడం. నిద్ర, ఆకలి, చురుకుదనం, మనసు తీరు ఆ గడియారం చెప్పినట్టు నడుస్తాయి. ఈ గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017 నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కణాలు కన్నులా సర్దుకుపోవు. వాటికి యాభై లక్స్ వేరు, ఎనిమిది వేల లక్స్ వేరు. రోజంతా ట్యూబులైటు కింద కూర్చున్న మనిషి జీవగడియారానికి అసలు తెల్లవారిందో లేదో సరిగా తెలియదు.

చీకటి కాలానికీ దిగులుకూ ఉన్న సంబంధాన్ని వైద్యశాస్త్రంలో ఒక పేరుతో నమోదు చేసినవారు నార్మన్ రోసెంతాల్. ఆయన దక్షిణాఫ్రికాలోని ఎండల జోహన్నెస్‌బర్గ్ నుంచి 1976లో న్యూయార్క్ వచ్చారు. చలికాలంలో తన ఉత్సాహం అడుగంటిపోవడం, వసంతంలో తిరిగి రావడం గమనించారు. తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సహచరులతో కలిసి 1984లో 'ఋతుప్రభావిత మానసిక రుగ్మత'ను వర్ణించారు. చికిత్సగా ప్రకాశవంతమైన దీపాన్ని వాడారు. మొదట్లో 2,500 లక్స్ వెలుగును గంటల తరబడి వాడేవారు. తర్వాత 10,000 లక్స్ వెలుగు ముందు ఉదయం అరగంట కూర్చోబెట్టడం ప్రామాణికమైంది.

అయితే ఉత్తర దేశాల లెక్కను యథాతథంగా కోటాకు తేకూడదు. కర్కటరేఖకు కాస్త దక్షిణంగా, 22 డిగ్రీల అక్షాంశం దాటిన చోట ఉంది ఈ ఊరు. డిసెంబరు 21న కూడా ఇక్కడ పగలు 10 గంటల 45 నిమిషాలు ఉంటుంది. జూన్ 21న పదమూడున్నర గంటలు. తేడా మూడు గంటల లోపే. నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం పైకే రాడు. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదని మన పెద్దలన్నా, ఆ పూసలు గుచ్చేందుకు ట్రోమ్సోవాళ్ళకంటే మనకు చాలా సమయమే ఉంది. పైగా ఛత్తీస్‌గఢ్ శీతాకాలం ఎక్కువగా నిర్మలమైన ఆకాశంతో సాగుతుంది. కోటాలో అసలైన మసక కాలం పగళ్ళు పొడవుగా ఉండే జూలై, ఆగస్టులే. అప్పుడు మధ్య భారతంలో ఎండ కాసే గంటలు శీతాకాలంతో పోలిస్తే సగానికి పడిపోతాయి. చీకటి ఆకాశం నుంచి కొంతే వస్తుంది. మిగతాది తలుపులు మూసుకుని మనం తెచ్చుకునేది.

ఫోటోగ్రఫీ పనికొచ్చేది ఇక్కడే. 'రోజూ ఒక గంట బయట నడవండి' అని డాక్టరు చెప్తే ముసురులో ఎవరూ కదలరు. 'ఇవాళ ఒక్క మంచి ఫోటో' అనుకుంటే కదులుతారు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన లిజ్ బ్రూస్టర్, షెఫీల్డ్‌కు చెందిన ఆండ్రూ కాక్స్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకో ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టే అలవాటున్న కొద్దిమందిని దగ్గరగా గమనించారు. ఆ ఒక్క ఫోటో కోసం ఇల్లు కదలడం, చుట్టూ చూడటం, దాని గురించి నలుగురితో మాట్లాడటం, తర్వాత పాత ఫోటోలు తిరగేయడం వాళ్ళకు తమను తాము చూసుకునే ఒక పద్ధతిగా మారాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో హోలీ ఆన్ పాస్‌మోర్, మార్క్ హోల్డర్ దాదాపు 400 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. రెండు వారాలపాటు ఒక బృందం తమ కంటబడిన ప్రకృతిని ఫోటో తీసి, అది కలిగించిన భావాన్ని రాయాలి. ఇంకో బృందం మనుషులు కట్టిన వస్తువులను అలాగే తీయాలి. మూడో బృందం ఏమీ చేయనక్కర్లేదు. ప్రకృతిని గమనించినవారి మనసు మిగతా రెండు బృందాలవారి కంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. వాళ్ళు అడవులకేమీ వెళ్ళలేదు. దారిలో ఉన్న చెట్టునే కొత్తగా చూశారు.

అన్ని ఫలితాలూ కెమెరాకు అనుకూలంగా లేవు, ఆ మాట కూడా చెప్పుకోవాలి. 2014లో అమెరికా మనస్తత్వవేత్త లిండా హెంకెల్ మ్యూజియం సందర్శకులతో చేసిన పరీక్షలో, ఫోటో తీసిన వస్తువులు తీయనివాటి కంటే తక్కువగా గుర్తున్నాయి. కెమెరా గుర్తుపెట్టుకుంటుందిలే అని మెదడు పని మానేసిందన్నమాట. కానీ వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా తీసినప్పుడు ఆ మతిమరుపు కనిపించలేదు. 2016లో క్రిస్టిన్ డీల్ బృందం చేసిన ప్రయోగాల్లో ఫోటో తీయడం అనుభవంలో లీనం చేసి ఆనందాన్ని పెంచింది. కెమెరాతో కుస్తీ పట్టాల్సి వస్తే ఆ లాభం పోయింది. అనుభవమే చేదుదైతే ఫోటో దాన్ని ఇంకా చేదు చేసింది. కాబట్టి వంద బొమ్మలు టకటకా నొక్కి జేబులో పెట్టుకోవడం కాదు, ఒకదాని ముందు ఆగడం ముఖ్యం.

ఆగి చూస్తే ముసురులో కనిపించేది తక్కువేమీ కాదు. నడివేసవి ఎండలో ఆకు పైభాగం తెల్లగా మాడిపోయి, నీడ నల్లగా కూరుకుపోయి ఫోటో రెండు ముక్కలవుతుంది. మబ్బు పట్టినప్పుడు ఆకాశమంతా ఒక పెద్ద దీపంలా మారి అన్ని వైపుల నుంచీ వెలుగు పంచుతుంది. నీడల అంచులు కరిగిపోతాయి. మనుషుల ముఖాలు తీయడానికి స్టూడియోవాళ్ళు తెల్ల గొడుగులు కట్టి సంపాదించే వెలుగు ఇదే. ఇక్కడ ఊరంతటికీ ఉచితం.

తడిసిన రంగులు ముదురుగా కనిపించడానికీ కారణముంది. పొడి మట్టి మీద పడిన వెలుగు చెల్లాచెదురై చాలావరకు కంటికి చేరుతుంది. మట్టి మీద నీటి పొర ఉంటే, తిరిగి వస్తున్న వెలుగులో కొంత ఆ పొర లోపలి అంచుకు తగిలి మళ్ళీ మట్టి మీదికే మళ్ళుతుంది. మళ్ళీ కొంత ఇంకిపోతుంది. అందుకే తడి మట్టి నల్లబడుతుంది, ఇటుక ఎర్రబడుతుంది, చెట్టు బెరడు మీద పాకుడు పచ్చగా వెలుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ 1925లోనే ఈ వివరణ ఇచ్చారు.

తడి ఆకులతో ఒక చిక్కు ఉంది. వాటి మీద ఆకాశపు మెరుపు తెల్లటి పొరలా పరుచుకుని అసలు పచ్చదనాన్ని కప్పేస్తుంది. దానికి విరుగుడు వందేళ్ళ క్రితం ఓడ మీద ప్రయాణిస్తున్న ఒక భారతీయుడి చేతిలో ఉంది. 1921లో సి.వి. రామన్ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. అది ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అన్నారు. రామన్ తన దగ్గరున్న నికోల్ పట్టకంలోంచి, నీటి మీద నుంచి వచ్చే ప్రతిబింబం ఆగిపోయే కోణంలో చూశారు. ప్రతిబింబం పోయింది, నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయన్న ఆ ఆలోచన ఏడేళ్ళకు, 1928 ఫిబ్రవరి 28న రామన్ ప్రభావం దాకా నడిచింది. నికోల్ పట్టకం చేసిన పనినే ఇవాళ పోలరైజింగ్ చలువ కళ్ళద్దాలు చేస్తాయి. ఆ అద్దాన్ని ఫోను కెమెరా ముందు పెట్టి మెల్లగా తిప్పితే ఒక కోణంలో తడి ఆకు మీది తెల్లదనం తగ్గి పచ్చదనం పైకి వస్తుంది. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన పేరుతో 2006లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఉన్నది ఈ కరగీ రోడ్, కోటాలోనే.

ముసురులో చూడదగినవి ఇంకా ఉన్నాయి. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు నేల చీల్చుకుని వచ్చే ఆరుద్ర పురుగు ఎర్ర మఖమల్‌లా ఉంటుంది. ఫోనును నేలకు ఆనించి, దాని ఎత్తు నుంచి తీస్తేనే ఆ నూగు కనిపిస్తుంది. ఇంద్రధనుస్సు కోసం మిట్టమధ్యాహ్నం ఎదురుచూడటం వృథా. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తులో ఉంటే అది దిగంతం కిందికి పోతుంది. జూలైలో కోటాలో ఉదయం ఎనిమిదిన్నర లోపు పడమటి వైపూ, మధ్యాహ్నం మూడున్నర దాటాక తూర్పు వైపూ వెతకాలి. ఏమీ దొరకని రోజున విల్సన్ బెంట్లీ చేసిన పని చేయవచ్చు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెకు చెందిన ఈ రైతు 1885 జనవరి 15న మంచు పలుకును సూక్ష్మదర్శిని ద్వారా ఫోటో తీశారు. మిగతావాళ్ళు పొయ్యి దగ్గర ముడుచుకుని కూర్చునే చలికాలాల్లో ఆయన కొట్టంలో నిలబడి, జీవితకాలంలో ఐదు వేలకు పైగా మంచు పలుకుల బొమ్మలు తీశారు. వాన చినుకుల మీదా ఆయన కన్ను పడింది. పళ్ళెంలో మెత్తటి పిండి పరిచి కొన్ని క్షణాలు వానలో పెట్టేవారు. చినుకులు పడినచోట పిండి ఉండలు కట్టేది. వాటిని కొలిచి చినుకుల పరిమాణం చెప్పి, 1904లో ఆ వివరాలు ప్రచురించారు. ఒక స్కేలు పక్కన పెట్టి ఫోటో తీస్తే ఆ ప్రయోగం ఏ వంటింటి పిండితోనైనా జరుగుతుంది. తుంపరకూ జడివానకూ ఉన్న తేడా మిల్లీమీటర్లలో కనిపిస్తుంది.

శీతాకాలానికి వేరే సొగసు. ఉదయం సూర్యుడు కింద ఉండగా మంచు తడిసిన గడ్డి మీద మన నీడ పొడవుగా పడుతుంది. ఆ నీడ తల చుట్టూ ఒక వెలుగు వలయం కనిపిస్తుంది. పక్కనున్న మనిషి నీడకు అది కనబడదు, ఆ మనిషికేమో మన నీడకు కనబడదు. ఎవరి వలయం వాళ్ళకే! ప్రతి మంచుబిందువూ చిన్న కటకంలా ఎండను వెనకనున్న గడ్డిపరక మీద కేంద్రీకరిస్తుంది. అక్కడి నుంచి తిరిగిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. సూర్యుడికి సరిగ్గా ఎదురుదిక్కున ఉండేది మన తల నీడే కాబట్టి మెరుపు అక్కడే కూడుతుంది. పదహారో శతాబ్దపు ఇటలీ శిల్పి చెల్లినీ తన తల నీడ చుట్టూ దీన్ని చూసి, అది తనకే ప్రత్యేకమైన వరమనుకున్నాడు.

పొగమంచును మాత్రం అందరూ ఒకే కంటితో చూడలేరు. కిలోమీటరు లోపు చూపు ఆనకపోతే దాన్ని పొగమంచు అంటారు. ఫోటోగ్రాఫర్‌కు అది వెనకనున్న గందరగోళాన్ని తుడిచేసి ఒక్క చెట్టును మిగిల్చే తెర. లంబసింగికి జనం పరుగులు తీసేది అందుకే. రైలు నడిపే లోకో పైలట్‌కు అదే తెర వెనక సిగ్నలు ఉంటుంది. పట్టాల మీద బిగించిన పటాకు చక్రం కింద పేలితే, ముందు సిగ్నలు ఉందని అతను జాగ్రత్తపడాలి.

రైల్వే ఊళ్ళలో వెలుగు లెక్క నిజంగా తప్పేది కూడా ఇలాంటి ఉద్యోగులకే. డిసెంబరులో రాత్రి డ్యూటీ చేసే ఒకరిని ఊహించుకుందాం. డ్యూటీ దిగి ఇంటికి చేరి ఎనిమిదింటికి పడుకుని మూడింటికి లేస్తే, 5.22కు సూర్యుడు అస్తమిస్తాడు. రోజు మొత్తంలో చేతికి దక్కే మెలకువ పగలు రెండు గంటల ఇరవై నిమిషాలు. అదీ టీవీ ముందు గడిచిపోతే ఆ మనిషి వారాల తరబడి యాభై లక్స్‌లోనే బతుకుతున్నట్టు. ఇలాంటివారికి 'ఉదయపు వెలుగు మంచిది' అన్న సలహా తిరగబడుతుంది. డ్యూటీ ముగిశాక ఎండలో తిరిగితే జీవగడియారం తెల్లవారిందనుకుని నిద్రను చెడగొడుతుంది. అందుకే ఇంటికి వెళ్ళేదాకా చలువ కళ్ళద్దాలు పెట్టుకోమని నిద్ర నిపుణులు చెప్తారు. ఫోటోల పని మధ్యాహ్నం లేచాక, ఆ రెండు గంటల్లో పెట్టుకోవాలి.

ఇది చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశ వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళందరికీ కావలసింది కెమెరా కాదు. దిగులు రెండు వారాలు దాటి వదలకపోతే, నిద్ర, ఆకలి చెడిపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వైద్యుణ్ణి కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ పలుకుతుంది. బైపోలార్ రుగ్మత ఉన్నవారికి ప్రకాశవంతమైన దీపాల చికిత్స ఉద్రేక దశను రేపే ప్రమాదం ఉంది కనుక డాక్టరును అడగకుండా ఆ దీపాలు వాడకూడదు.

బయటి ప్రమాదాలూ ఉన్నాయి. మధ్య భారతంలో వానాకాలపు పిడుగులు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. ఉరుము వినిపించిందంటే ఇంట్లోకి రావలసిందే, చెట్టు కిందికి కాదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. రైలు పట్టాల మీద ఫోటోలు వద్దు. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. మలుపు దగ్గర వచ్చే రైలుకు ఆ సెక్షన్ కూడా తెలియదు.

చివరగా సాయంత్రం సంగతి. డిసెంబరులో కరగీ రోడ్ దగ్గర పొద్దు గూకాక సుమారు 25 నిమిషాలు మునిమాపు ఉంటుంది. ఆ వేళ నడినెత్తి ఆకాశం చిక్కటి నీలంగా మారుతుంది. పగటి నీలానికి కారణమైన గాలి అణువుల చెదరగొట్టుడే ఇక్కడా కారణమని చాలాకాలం అనుకున్నారు. 1953లో ఎడ్వర్డ్ హల్‌బర్ట్ లెక్క కట్టి చూస్తే, ఆ వేళ ఆకాశం పసుపుగా ఉండవలసిందని తేలింది. అలా కానివ్వనిది ఓజోన్. అస్తమించిన సూర్యుడి వెలుగు ఓజోన్ పొరలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణిస్తుంది. ఆ దారిలో నారింజ, ఎరుపు వన్నెలు ఇంకిపోయి నీలం మిగులుతుంది. ఫోను చేతిలో ఉంటే అప్పుడు షట్టర్ సెకనులో పదో వంతుకు దిగుతుంది, చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది. ప్లాట్‌ఫారం బయట ఏ గోడకో మోచేయి ఆనించి తీస్తే కింద దుకాణాల బల్బులు పసుపుగా, పైన ఆకాశం నీలంగా ఒకే ఫోటోలో సమానంగా పడతాయి. 5.47కల్లా ఆ నీలం నలుపులోకి జారిపోతుంది, టీ దుకాణం దీపం ఒక్కటే మిగులుతుంది.